ఆయన గదికి వేడినీళ్ళు

జనవరి నెల, చున్‌చన్ ఊరు. నాం ఓక్‌బున్ ఇంటి వెనక వసారాలో ప్యో మేస్త్రీ కొత్త గ్యాసు బాయిలర్‌ని గోడకి బిగించి పైపులు కలుపుతున్నాడు. లోపలి గదిలో ఆవిడ భర్త తాక్ మంచాన పడి ఉన్నాడు.

"అది వద్దు మేస్త్రీగారూ. దానికి మూత కొట్టేయండి."

"ఏది, ఇదా? ఇది మీవారి బాత్రూమ్‌కి పోయే వేడినీళ్ళ పైపమ్మా."

"తెలుసు."

"తెలిస్తే మరి... ఇటు చూడండి. చన్నీళ్ళు ఇక్కణ్ణించి బాయిలర్లోకి పోతాయి, కాగి ఇటు బయటికొస్తాయి. ఇక్కడో టీ జాయింటు వేశానంటే రెండు పాయలు. ఒకటి వంటింటికీ మీ బాత్రూమ్‌కీ, రెండోది ఆయనకి. పావుగంట పని."

"మొదటి పాయ చాలు."

"బయట మైనస్ పదహారు! కాళ్ళు పడిపోయిన మనిషికి చన్నీళ్ళా?"

"గది నేల వెచ్చబడే పైపులు కలిపారుగా?"

"కలిపాను. నేల వేరు, ఒంటిమీద పోసే నీళ్ళు వేరు."

"టీ తాగండి, చల్లారిపోతోంది."

"ఏయ్ మేస్త్రీ! అయిందా?"

"అదిగో, ఆయనే పిలుస్తున్నారు... ఇంకాసేపు పడుతుందండీ తాక్‌గారూ!"

"నా బాత్రూమ్‌కి ఇస్తున్నావా లేదా? అది పోసే నీళ్ళు ఎముకలు కొరికేస్తున్నాయి!"

"విన్నారా అమ్మా?"

"రోజూ వింటాను."

"పాత బాయిలర్ పోయింది, అందాకా చన్నీళ్ళు పోశారు, సరే. ఇప్పుడు కొత్తది వచ్చిందిగా."

"కొత్తది నాకు."

"కోపాలు ఏ ఇంట్లో లేవు చెప్పండి? కానీ ఇది మరీ..."

"మీ ఆవిడ ప్రసవించినప్పుడు మీరేం చేశారు?"

"నేనా? ఏముంది, సముద్రపు నాచు చారు కాచిపెట్టాను. గది కొలిమిలా ఉంచాం. ఇరవై ఒక్క రోజులు చన్నీళ్ళు ముట్టనివ్వలేదు."

"నేను మూడోరోజు ముట్టాను."

"మూడోరోజా!"

"ఆడపిల్లని తెలియగానే ఈయన నా గది నేల వెచ్చబడేందుకు కింద పెట్టే బొగ్గుపొయ్యి ఆర్పించేశాడు. కొడుకు పుట్టినప్పుడు రాజేద్దాంలే అన్నాడు. పెరట్లో పంపు దగ్గర మంచు పగలగొట్టి గుడ్డలు ఉతికాను. ఈ వేళ్ళు చూడండి. అప్పుడు వంకరపోయినవే ఇవి."

"ఏం చెబుతోంది అది? నమ్మకు మేస్త్రీ! నలభై ఏళ్ళ కిందటి సోది!"

"నలభై నాలుగు."

"మరి... పిల్ల?"

"నీలంగా అయిపోయింది. పొట్టకి అదుముకునే ఉన్నాను. నా ఒళ్ళే మంచుగడ్డలా ఉంటే దానికేం వెచ్చన? పదకొండు రోజులు బతికింది."

"అయ్యో."

"ఆ అయ్యో కూడా అనలేదాయన."

"పదకొండు రోజులేనా!"

"ఏం, చెయ్యి ఆగిపోయింది?"

"ఏం లేదమ్మా. మూత కొట్టేస్తాను."

"మూత వద్దులెండి. వాల్వు పెట్టండి. పిడి ఇటుపక్క, వసారాలో, నా చేతికందేలా."

"అంటే... ఇస్తారా వేడినీళ్ళు?"

"ఎందుకివ్వను? ఆయనకీ చెప్పాను. నా బిడ్డని ఒక్కసారి, ఒకే ఒక్కసారి పేరుపెట్టి పిలవమన్నాను. పిలిచిన పూట నేనే వాల్వు పూర్తిగా తిప్పేస్తాను."

"అంతేనా? ఒక్క మాటకి ఇంత రగడా? ఉండండి, నేను పిలిపిస్తాను. తాక్‌గారూ! ఓ తాక్‌గారూ! ఇటు వినండి... ఏం పేరమ్మా పాపది?"

"పేరా? ఆయన పెట్టనివ్వలేదు."