ముందు తిను బిడ్డా

మోర్మన్ మతం బోధించడానికి సముద్రాలు దాటి టోంగా దీవుల నుంచి నకిరేకల్ వచ్చిన కుర్రవాడికి రేపు వేరే ఊరికి బదిలీ. తోటి ప్రచారకుడు వాకిట్లో సైకిల్ చైను ఎక్కిస్తుంటే, తను టై భుజం మీదికి వేసుకుని తనకు బాగా అలవాటైన ఓ అవ్వ ఇంట్లో పొయ్యి ముందు కూర్చున్నాడు.

“ఏడాది తిరిగిన, అవ్వా. ఒక్కలు గూడ మా మతంల కలవలే.”

“అయ్యో! ఒక్కలు గూడనా?”

“లే. నా అంగీ గుండీలు మాత్రం పడ్తలేవు.”

“నాకైతే మీ దేవుని ముచ్చట ఎన్నడు చెప్పకపోతివి?”

“ఎట్ల చెప్పాలె? వచ్చుడుతోనే ‘ముందు తిను బిడ్డా’ అంటివి. తిన్నంక చెప్తామంటే ఇంకో రొట్టె ఏస్తివి.”

“నోరు ఖాళీగుంటే మతం చెప్తవని ఏసిన కొడుకా. నేను వద్దంటే నువ్వు చిన్నబోతవు గద.”

“నాకెర్కనే.”

“ఎర్కుండి ఎందుకు తిన్నవు మరి?”

“చెప్తే నువ్వు వద్దంటవు. వద్దన్నంక మళ్ల గీ ఇంటికి ఏ మొఖం పెట్టుకొని రావాలె?”

అవ్వ పెనం మీది జొన్నరొట్టెను తిరగేసింది.

“సరే, ఇయ్యాల చెప్పు బిడ్డా. వింట.”

“ముందు ఇంకో రొట్టె ఎయ్యి అవ్వా.”