బెడ్‌ఫోర్డ్ లారీని గుర్తుపట్టిన విధం

నా పేరు దండు రూతమ్మ. భర్త యేసయ్య, మూడేళ్ల కింద చనిపోయాడు. వయసు యాభై ఎనిమిది. నివాసం జోగులాంబ గద్వాల జిల్లా, వడ్డేపల్లి మండలం. వృత్తి ఏమిటని అడిగి, నేను నోరు తెరవకముందే కోర్టు గుమాస్తా గారు "గృహిణి" అని రాసుకున్నారు. కొట్టించి "మెకానిక్" అని రాయించాను.

మాకు ఒక పాత పెట్రోలు బెడ్‌ఫోర్డ్ లారీ ఉంది. వయసులో నాకంటే పెద్దది. పెళ్లి ఊరేగింపులకు, క్రిస్మస్ ఊరేగింపులకు, అప్పుడప్పుడు సినిమావాళ్లకు కిరాయికి పోతుంది. నాకు భూమి లేదు, నా తిండి దాని మీదే.

2024 జనవరి 20న నా కూతురు ఎస్తేరు కాన్పుకని ఉప్పునుంతల పోయాను. 24వ తేదీ సాయంత్రం 5 గంటలకు తిరిగి వచ్చేసరికి షెడ్డు తాళం విరిగి ఉంది, లారీ లేదు. కింద నూనె మరక ఒక్కటే ఉంది. ఆ మరక పక్కన కూర్చుని ఏడ్చాను. నా భర్త పోయినప్పుడు కూడా అంత ఏడవలేదు, సిగ్గు లేకుండా చెబుతున్నాను. ఆ సాయంత్రమే ఫిర్యాదు ఇచ్చాను. కాగితాలు అడిగారు. ఆర్.సి. పుస్తకం ఎప్పుడో చెదలు తినేసింది.

ఫిబ్రవరి 4న నా అల్లుడు అరుణ్ వనపర్తిలో సెంట్రింగ్ పనికి పోతూ, ఒక పాత ఇనుము దుకాణం గోడ మీదుగా మా లారీ ముక్కు చూసి ఫోన్ చేశాడు. 6వ తేదీ ఉదయం 11 గంటలకు ఎస్సై గారు, సాక్షులుగా ఇద్దరు పంచులు, అరుణ్, నేను అక్కడికి పోయాము. ఎర్ర లారీకి నీలం రంగు కొట్టి ఉంది. నంబరు పలకలు లేవు. ఛాసిస్ మీద అంకెలు గీకేశారు.

దుకాణం యజమాని బాలకృష్ణ కుర్చీలోంచి లేవకుండానే, "పదేండ్ల కింద నాగర్‌కర్నూల్‌ల వేలంల కొన్న సార్. అప్పటిసంది నేనే నడుపుతున్న. కాగితాలు యాడ పడ్డయో తెల్వదు. ఈ అవ్వ ఎవరో గూడ తెల్వదు" అన్నాడు.

ఎస్సై గారు నా వైపు తిరిగి, "అమ్మా, ఇద్దరి దగ్గర కాగితాల్లేవు. నీదని నేనెట్ల నమ్మాలె? గట్టి గుర్తులు చెప్పు. లేకుంటే దీన్ని ఈడనే ఇడిసిపెట్టి పోవాలె" అన్నారు.

"బోనెట్ లేపుండ్రి సార్. పైన రంగు మార్చిండు గని లోపల ఏం మారుస్తడు? పదేండ్లసంది నడుపుతున్నోన్ని ఒక్కపారి స్టార్ట్ చేసి చూపియ్యమనుండ్రి" అన్నాను.

బాలకృష్ణ తన మెకానిక్ నాగేష్‌ను పిలిచాడు. 11 గంటల 40 నిమిషాలకు నాగేష్ పెట్రోలు పోసి, ముందు హ్యాండిల్ పెట్టి తిప్పాడు. మూడోసారికి కార్బరేటర్ లోంచి ఢామ్మని మంట వచ్చింది. అతడు ఎగిరి డబ్బాల మీద పడ్డాడు. నేను నవ్వాను. నవ్వానని కూడా రాయమని కోరుతున్నాను.

అప్పుడు నేను విషయం చెప్పాను. ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్‌ను మేము డెల్కో అంటాము. దాని మూత లోంచి ఆరు ప్లగ్గులకు ఆరు వైర్లు పోతాయి. ఏ వైరు ఏ రంధ్రంలో ఉండాలో లెక్క ఉంది. పన్నెండేళ్ల కింద ఇంజన్ విప్పినప్పుడు డెల్కోను తిప్పే కడ్డీని నా భర్త వాటం తప్పి బిగించాడు. తప్పు ఒప్పుకునే మనిషి కాదు, మళ్లీ విప్పనన్నాడు. నేనే ఆరు వైర్లనూ ఒక్కొక్క రంధ్రం పక్కకు జరిపాను. అప్పటి నుంచి ఆ ఇంజన్‌కు అదే పద్ధతి. పని తెలిసిన మెకానిక్ ఎవరో దాన్ని చూసి, తప్పనుకుని, లెక్క ప్రకారం సరిచేశాడు. సరిచేసినందుకే అది మొరాయించింది.

ఈ మాటలన్నీ పంచులు రాసుకున్న తర్వాతే వైర్లు ముట్టాను. ఆరింటినీ పీకి ఒక్కో రంధ్రం జరిపాను. కొంగు బిగించి, బొటనవేలు మిగతా వేళ్ల వైపే పెట్టి హ్యాండిల్ పట్టాను, లేకపోతే అది ఎదురుతన్ని వేలు విరుగుతుంది. అరచుట్టు తిప్పాను. స్టార్ట్ అయింది. ఆ చప్పుడు వింటే నాకు కాళ్లు భూమ్మీద ఆగలేదు.

బాలకృష్ణ మాత్రం తగ్గలేదు. "మంచి మెకానికే సార్, ఒప్పుకుంట. స్టార్ట్ చేసినోళ్లందరివి అయితయా బండ్లు?" అన్నాడు.

ఆ ప్రశ్న న్యాయమైనదే. ఎస్సై గారు కూడా నా మొహం చూశారు. నేను ఇంజన్ ఆపి, "ఇగ కార్బరేటర్ నేను ముట్ట సార్. ఆయన మనిషితోనే విప్పియ్యుండ్రి. ముందుగాల నేను చెప్పేది రాసుకోండ్రి" అన్నాను.

కార్బరేటర్ గొంతులో గాలిని మూసే గుండ్రటి చోక్ పలక ఉంటుంది. ఎనిమిదేళ్ల కింద మానవపాడు దగ్గర రోడ్డు మీద అది విరిగింది. దగ్గర వేరే రేకు లేదు. మా అన్నం డబ్బా మూత కత్తిరించి, రాయి మీద అరగదీసి, అక్కడే బిగించాను. ఆ స్టీలు డబ్బా నా పెళ్లికి మా అమ్మ పెట్టింది, మూత మీద నా పేరు చెక్కించింది. గుండ్రంగా కోసేటప్పుడు చివరి అక్షరం పోయింది. పలక కింది వైపు "రూత" అని ఉండాలని చెప్పాను. ఆ రోజు నా భర్త, "ఇగ నీ పేరు నమిలితే గని నడువదు గీ బండి" అన్నాడని కూడా చెప్పాను.

నాగేష్ రెండు మరలు విప్పి పలక బయటికి తీశాడు. మసి పట్టి నల్లగా ఉంది. పెట్రోలు గుడ్డతో తుడిచి, చూసి, ఎస్సై గారి చేతిలో పెట్టాడు. ఎస్సై గారు వెలుతురుకు తిప్పి "రూత" అని పైకి చదివారు. పంచులిద్దరూ కూడా చదివారు. నేను ముగ్గురితోనూ రెండేసిసార్లు చదివించాను.

"ఏమయ్యా, పదేండ్ల ఓనరూ! నీ పేరు యాడ చెక్కిచ్చినవో జర చూపియ్" అని అడిగాను. బాలకృష్ణ టైరు మీద కూలబడ్డాడు. అప్పుడు నాగేష్, "సార్, గా వైర్లు మార్చింది నేనే. బండి వచ్చి రెండు వారాలు గూడ కాలే. దొంగబండని నాకు తెల్వదు" అన్నాడు. అప్పుడు సమయం 1 గంట 10 నిమిషాలు. ఎస్సై గారు లారీని స్వాధీనం చేసుకున్నారు. కట్టి లాగుదామన్నారు, నేను ఒప్పుకోలేదు. పలక మళ్లీ బిగించాక, అరుణ్ నడపగా గద్వాల దాకా అది తన కాళ్ల మీదే వచ్చింది. దారి పొడుగునా నేను హారన్ కొట్టాను.

ఇప్పుడు మెజిస్ట్రేటు గారు, లారీని ఎవరికి అప్పగించమంటావని అడిగారు. ఫిర్యాదులో "యేసయ్య లారీ" అని ఉంది. మండలమంతా అట్లాగే అంటుంది, ముప్పై ఏళ్లు నేనూ అట్లాగే అన్నాను. ఆయన స్టీరింగ్ పట్టాడు, ఇంజన్ నేను పట్టాను. ఇక మీద అట్లా అనను. ఇది రూతమ్మ లారీ, రూతమ్మకు అప్పగించండి అని చెప్పాను. మెజిస్ట్రేటు గారు ఆ మాటను ఉన్నది ఉన్నట్టు రాయించారు.

పైన ఉన్నదంతా నేను నా నోటితో, ఎవరి బెదిరింపూ లేకుండా చెప్పినది. చదివి వినిపించగా విన్నాను. నేను చూసినదీ చేసినదీ తప్ప ఇందులో మరేమీ లేదు, అంతా నిజం.

గద్వాల, 9 ఫిబ్రవరి 2024.

(సంతకం) దండు రూతమ్మ, లారీ యజమాని