అన్న చోటు

పొగమంచు కమ్మిన ఆండీస్ లోయలో, ఉన్ని కత్తిరించడానికి అడవి వికున్యాల మందను చుట్టుముడుతూ ఊరంతా ఒకే పొడవాటి తాడు పట్టుకుని నిలబడింది. అభయారణ్యం కావలివాడు వదిన దగ్గర ఆగాడు.

"వదినా, ఎడమపక్కకి జరుగు. అన్న చోటు ఖాళీగా ఉంది. తాడు జారితే మంద పారిపోతుంది."

"జారలేదుగా మరిదీ! నువ్వే పట్టుకు చూడు, ఎంత బిగువుగా ఉందో."

"ఏ రాయికో తగులుకుని ఉంటుందిలే. అన్న పోయి ఏడాదైంది."

"మంచు తుపానులో నీ చెయ్యి జారిపోయాడన్నావు."

"అవును."

"ఆయనేమో నువ్వే వదిలేశావంటున్నాడు."

అతను తాడు పట్టుకున్నాడు. పొగమంచులోంచి ఎవరో రెండుసార్లు లాగారు. ఇక్కడే ఉన్నానని చెప్పడానికి అన్న ఎప్పుడూ అలాగే లాగేవాడు.

"భయమేసింది వదినా. ఇద్దరం పోతామని వదిలేశాను."

"తెలుసులే. ఈసారి మాత్రం వదలకు."