స్కల్‌డగరీ అంటే ఏంది?

వికారాబాద్‌లోని ఒక ఇంజనీరింగ్ కాలేజీ స్టాఫ్ రూము. మేడం చేతిలో క్షమాపణ పత్రం ఉంది. తాండూరు నుంచి రోజూ రైల్లో వచ్చే విద్యార్థిని ఎదురుగా నిలబడింది.

"ప్రాజెక్టు కాపీ కొట్టినందుకు మాఫీ రాసుకరమ్మంటే, గీ 'స్కల్‌డగరీ' ఏందమ్మా? అర్థం చెప్పు."

"దొంగపని మేడం... గట్లాంటిదే."

"గట్లాంటిదేనా? నువ్వే రాసినవ్ గదా!"

"ఫోన్‌తోని రాయించిన మేడం. ఇంగ్లీషు మంచిగుంటదని."

"అంటే మాఫీ గూడ కాపీయే! ఇది పాతకాలం మాట బిడ్డా, ఇప్పుడు ఎక్కువ వాడరు. ఎక్కడిదో ఎరికేనా?"

"ఎరికలేదు మేడం."

"స్కాట్లాండ్ దిక్కుది. మొదట్ల దానికి మోసం అని అర్థం లేకుండె. చాటుమాటు సంబంధాలు పెట్టుకునుడును అట్లనెటోళ్లు. మోసం అనే అర్థం ఎనక వచ్చింది."

"అయ్యో మేడం! నేను గసొంటిదేం చెయ్యలే."

"నవ్వియ్యకు. చేసిందేందో నీ నోటితోని చెప్పు. నీ దోస్తు ప్రణవి తన ప్రాజెక్టు నీకు ఇచ్చిందా? ఈ కాయిదంల 'మేమిద్దరం తప్పు చేసినం' అని ఉన్నది. రెండు ప్రాజెక్టులు ఒక్కతీరే ఉన్నయని నేను ముందే ఇద్దరికీ సున్నా ఏసిన."

"మేమిద్దరం గాదు మేడం. ఆమె క్యాంటీన్‌కు పోయినప్పుడు ల్యాప్‌టాప్ తెరిసే ఉండె. నేనే పెన్‌డ్రైవ్‌ల ఎక్కించుకున్న. ఆమెకు తెల్వనే తెల్వదు."

"సున్నా వచ్చి వారమాయె. ఎవరు చేసిన్రో ఆమెకు ఇంకా చెప్పలేదా? ఇద్దరు ఒక్క రైల్లనే వస్తరు గద?"

"వస్తం మేడం. రోజూ నాకు సీటు ఆపి పెడ్తది."