గట్టిగా చదవాలి

కాన్సాస్‌లోని ఆ చిన్న చర్చిలో ఆరాధన మొదలవబోతోంది. కాఫీ గదిలో అక్కాచెల్లెళ్లిద్దరే మిగిలారు.

“అక్కా, ఇవాళ బైబిలు వాక్యం నువ్వు చదివిపెట్టవా? నావల్ల కాదు.”

“వంతు నీదేగా. ఏ భాగం?”

“యాకోబు పత్రిక. నాలుక గురించి. చిన్న నిప్పు అడవినంతా కాల్చేస్తుందని ఉంటుందే, అది.”

“పాస్టరుగారికి నీ సంగతి తెలిసిపోయిందా?”

“లేదు. ఆయన ఆ పత్రికే వారం వారం వరసగా చెప్పుకొస్తున్నారు. సరిగ్గా నా వంతుకే అది తగిలింది.”

“వెల్డాగారు తాగుతున్నారని పుకారు పుట్టించింది నువ్వేనని ఎవరికీ తెలీదు. ఇంకెందుకే భయం?”

“ఆ మాటతోనే ఆవిడ్ని సండేస్కూలు పిల్లలకి పాఠం చెప్పొద్దన్నారక్కా. ఇవాళ ఆవిడ వచ్చి ముందు వరసలో కూర్చున్నారు.”

“నిన్నేమైనా అన్నారా?”

“చెవి సరిగా వినపడట్లేదట. కాస్త గట్టిగా చదవమన్నారు.”