అయిరేని కుండ ఎవరు పగలగొట్టారు

మాలకొండయ్యని కుమ్మరాయన, చెయ్యి మంచిదంట ఆయనది. చెయ్యి మంచిదంటే ఏందనుకున్నారు, తిరిగే సారె చక్రం మీద మట్టిముద్ద పెట్టి బొటనేలు దించితే చాలు, కుండ తనంతట తనే లేచి నిలబడేదంట. ఆయన కుండలో నీళ్ళు ఎండాకాలం తాగితే పళ్ళు జివ్వుమనేయంట. అట్టాంటి మనిషికి ఒక జబ్బొచ్చింది. జరం కాదు, దగ్గు కాదు, కాలూ చెయ్యీ పడిపోలా. జబ్బేందంటే కుండని కొట్టి చూడటం. అదేం జబ్బే, కుండని కొట్టి చూడకుండా ఎవరైనా కొంటారా అంటావేమో సుబ్బాయమ్మా, నువ్వు మిరపకాయల తొడిమలు తీస్తా విను, చేతులు ఆపమాక. సంతలో మనం ఏం చేస్తాం? ఏలు మడిచి టక్కుమని ఒకటి కొడతాం. కణేల్మంటే మంచి కుండ, బొద్దుమంటే ఓటికుండ. అంతటితో అయిపోయె, చంకనేసుకుని వొస్తాం. మాలకొండయ్యా అట్టాగే ఒకటి కొట్టేవాడంట. కణేల్మనేది. మంచిదే అని కింద పెట్టేవాడు. పెట్టి ఇట్టా తిరిగాడో లేదో, ఆయన మనసు లోపల్నించి ఒకటి అడిగేదంట, సరిగ్గా మోగిందా అని. మోగిందిగా అనుకునేవాడు. సరిగ్గా విన్నావా అనేది. విన్నాగా. ఏమో, నువ్వప్పుడు కాకి అరుస్తా ఉంటే అటు చూశావుగా అనేది. ఇంకేముంది, ఎనక్కొచ్చి ఇంకోటి కొట్టేవాడు, ఈసారి కొంచెం గట్టిగా. ఇందాక మోగినట్టు మోగలేదే అనేది లోపలిది. ఇంకోటి. ఇంకోటి. కుండ మాత్రం ఎంతసేపని ఓర్చుకుంటది? టప్పుమని పగిలేది. పగలగానే లోపలిది ఏమనేదో తెలుసా, చూశావా, నే చెప్పలా, అనేదంట. అదీ దాని తీరు.

కుమ్మరికి ఒక ఏడు గుదియకు ఒక పెట్టు అని పెద్దోళ్ళు ఊరికే అన్లేదు. ఏడాదంతా కుమ్మరి చేసిందాన్ని ఎవడో గుదియ, అదే దుడ్డుకర్ర, తీసుకుని ఒక్క పెట్టున పగలగొడతాడని. ఇక్కడ కుమ్మరీ ఆయనే, గుదియా ఆయనే. ఆముకి ఆము, అంటే కుండల బట్టీకి బట్టీ, కాల్చి దించేవాడు, సంతకి పోయేది నాలుగు కుండలు, దొడ్లో పెంకులు మాత్రం గుట్టలు. ఆయన భార్య అంకమ్మ ఆ పెంకులు ఎత్తిపోయలేక నడుం పట్టుకుని కూచునేదంట. పోనీ తిట్టిందా అంటే తిట్టలా. ఎందుకంటే కొట్టేటప్పుడు ఆయన మొహం చూసింది. పగలగొట్టేవాడి మొహం కాదది, పగుల్తదేమో అని చచ్చేంత భయపడేవాడి మొహం.

ఇట్టా ఉండగా ఏమైందంటే, పెద్దరెడ్డి మనవరాలికి పెళ్ళి కుదిరింది. పెళ్ళంటే అయిరేని కుండలు కావాలిగా. ఇప్పటి పిల్లలకి తెలీదు గానీ, ఆ కుండలు కుమ్మరింటి నుంచే రావాలి. ముత్తైదువలు మేళంతో పోయి, సారెకి పసుపూ కుంకమా పెట్టి, కుమ్మరామెకి రవికెగుడ్డ పెట్టి, సున్నమూ జాజూ, అదే ఎర్రమట్టి, పూసిన కుండలు నెత్తిన పెట్టుకుని పందిట్లోకి తెస్తారు. అవి లేందే పెళ్ళి లేదు. పెద్దరెడ్డి మాలకొండయ్య వాకిట్లోకొచ్చాడు, దొడ్లో పెంకులు చూశాడు. చూసి, ఏరా మాలకొండా, మీ తాత ముత్తాతల నుంచీ ఈ ఊరి అయిరేని మీ ఇంటిదే, కాదన్ను, కానీ నా మనవరాలి పందిట్లో కుండ టప్పుమంటే మాత్రం ఊరుకోను, నీవల్ల కాదంటే ఇప్పుడే చెప్పు, ఏటి అవతల కుమ్మరాళ్ళకి చెప్పుకుంటా, ఇక ఈ ఊరి పెళ్ళిళ్ళన్నీ వాళ్ళకే, అన్నాడంట. చేస్తా దొరా అన్నాడు మాలకొండయ్య. అన్నాడు గానీ, లోపలిది అప్పుడే మొదలెట్టింది, చేస్తావా, నిజంగా చేస్తావా అని.

ఊళ్ళోవాళ్ళు ఊరుకుంటారా, దెయ్యం పట్టిందన్నారు. మంత్రగాణ్ణి పిలిపించారు. ఆయనొచ్చి వేపమండలు విసిరి, నిమ్మకాయ కోసి, జబ్బకి తాయెత్తు కట్టి, ఇది ఊడకుండా చూసుకో మాలకొండయ్యా, ఊడిందా ఇక నాది పూచీ లేదు, అని చెప్పి కోడిని తీసుకుని పోయాడు. ఆ ముక్క చెప్పకుండా పోయినా బాగుండేది. ఇక చూడండి, కుండ మీద ఒక దెబ్బ, తాయెత్తు ముడి మీద ఒక ఏలు. కుండ మోగిందా, ముడి ఉందా. ఉన్న జబ్బు తగ్గకపోగా దానికి తోడబుట్టింది ఒకటొచ్చిందనుకో. నవ్వమాకండే, ఆయన ఏడుస్తన్నాడు పాపం.

అప్పుడు అంకమ్మ ఒక పనిచేసింది. అప్పటిదాకా అందరూ ఆయన్ని మానెయ్యి మానెయ్యి అన్నోళ్ళే గానీ, అసలదేందయ్యా అని అడిగినోళ్ళు లేరు. ఈమె అడిగింది. పెంకుల గుట్ట పక్కన కూచుని, కొత్తల్లుడి సంగతి అడిగినట్టు అడిగిందంట. ఏమయ్యా, లోపల అడిగేది ఆడా మగా? ఆయన బిత్తరపోయాడు. ఏమో, చూళ్ళేదే అన్నాడు. గొంతు ఎట్టా ఉంటది? గొంతు… నా గొంతే. అన్నం తినేటప్పుడు వొస్తదా? రాదు. సారె మీద కుండ తిరిగేటప్పుడు? అప్పుడూ రాదే, అన్నాడు, ఆయనకే ఆచ్చర్యమేసింది. కాల్చి దించి చేతికి తీసుకుంటేనే వొస్తది. అయితే పచ్చికుండంటే దానికి పనిలేదన్నమాట, అంది అంకమ్మ. పోనీ అది అడిగింది, నువ్వు కొట్టలేదు, ఏమైద్ది? కుండ ఓటిదైతే? అయితే ఏమైద్ది? నీళ్ళు కారతయ్యి. కారితే? ఆయన ఒక పెంకు ఎత్తుకున్నాడంట. చేతిలో పెంకు తిప్పుతా తిప్పుతా, చివరికి, బిడ్డ పోద్ది, అన్నాడు.

బిడ్డేంది, కుండేంది అంటారా? అక్కడే ఉంది కత. అప్పటికి కొన్నేళ్ళ కిందట ఆ ఊళ్ళోనే నాగరత్తం అనే పిల్ల పెళ్ళి జరిగింది. ఆ పెళ్ళికి అయిరేని కుండలు మాలకొండయ్యే చేశాడు. అటు తలంబ్రాలు పోస్తన్నారు, ఇటు పక్కనున్న అయిరేని కుండ టప్పుమని పగిలింది. ఎవరో ముసలామె, కుమ్మరోడి చెయ్యి మంచిది కాదమ్మా, అంది. అనేసి ఆమె వడపప్పు తిని ఇంటికి పోయింది. ఈయన మాత్రం ఆ మాట మూటగట్టుకుని తెచ్చుకున్నాడు. తర్వాత ఏడాది తిరిగేసరికి నాగరత్తానికి తొలికాన్పు పోయిందని తెలిసింది. ఆ కబురు విన్న రోజునే లోపలిది మొదటిసారి నోరు తెరిచిందంట. ఆ కుండ సరిగ్గా చల్లారకముందే ఆములోంచి తీశావుగా, మేళం వాకిట్లోకొచ్చిందని తొందరపడ్డావుగా, అని. అప్పట్నించీ ప్రతి కుండలోనూ ఒక పసిబిడ్డ ఉన్నట్టే ఆయనకి. ఇన్నేళ్ళూ పక్కన పడుకున్న పెళ్ళానికి కూడా చెప్పలా. అంకమ్మకి కళ్ళనీళ్ళు తిరిగినయ్యంట. తుడుచుకుని, సరే, పోయి అడుగుదాం పద, అంది. ఏమని అడుగుతావే, మొహం ఎట్టా చూపిస్తా, అన్నాడు. నీ మొహం చూపించొద్దు, నేను అడుగుతా, నువ్వు నా ఎనకమాల నిలబడు, అంది.

నాగరత్తం అత్తారిది ఏటి అవతల. పరాయి సంబంధం కాదు, మేనత్త పేరమ్మ కొడుక్కే ఇచ్చారు. పొద్దున్నే బయలుదేరి, మోకాటి లోతు నీళ్ళలో ఏరు దాటి పోయారు. దారిపొడుగునా లోపలిది ఊరుకుందా, తాయెత్తు తడిసిందేమో చూడు, తడిసిందేమో చూడు అని. వీళ్ళు పోయేసరికి నాగరత్తం వాకిట్లో వడ్లు ఎండబోస్తంది. తర్వాత పుట్టిన ఆడపిల్ల ఒకతె వడ్ల మీద కోళ్ళు రాకుండా కర్ర పట్టుకుని కూచునుంది. ఎవరూ, మాలకొండయ్య బాబాయేనా, రండి రండి, అని చెంబుతో నీళ్ళు తేవటానికి లోపలికి పోబోయింది. అంకమ్మ కంటికి ఒకటి తగిలింది. నాగరత్తం గడప దాటబోయి, కాలు ఎత్తి, మళ్ళీ ఎనక్కి తీసుకుని, కాలి వంక చూసుకుని, అప్పుడు దాటింది. వచ్చేటప్పుడూ అంతే. నీళ్ళు తాగి అంకమ్మ ఉన్నదున్నట్టు చెప్పేసింది. అమ్మా, నీ పెళ్ళిలో కుండ పగిలింది గుర్తుందా, అది తనవల్లే పగిలిందని, నీ బిడ్డ తనవల్లే పోయిందని ఈ మనిషి ఇన్నేళ్ళుగా కుమిలిపోతన్నాడు, మా ఇంట్లో కుండ అనేది మిగలట్లా, అంది. మాలకొండయ్య నేల చూపులు చూస్తా నిలబడ్డాడు.

నాగరత్తం చేతిలో చెంబు కింద పెట్టేసింది. నీవల్లనా బాబాయ్, అంది. ఆ కుండకి నా కాలు తగిలింది. పట్టుచీర కుచ్చిళ్ళు కాళ్ళకి అడ్డం పడి పీట మీద తూలాను, బొటనేలు పోయి కుండకి కొట్టుకుంది. లచ్చిందేవి లాంటి కుండని తన్నాను. ఎవరూ చూళ్ళేదు. ఎవరికీ చెప్పలా. బిడ్డ పోయినప్పుడు నాకు తెలిసిపోయింది, ఇది నా కాలే చేసిందని. అందుకే గడప దాటాలంటే కాలు చూసుకోందే దాటలేను. ఈ మాటింకా పూర్తి కాలేదు, లోపల చేటలో బియ్యం చెరుగుతున్న చప్పుడు ఆగిపోయింది. అత్త పేరమ్మ బయటికొచ్చింది. వొచ్చి అరుగు మీద కూలబడి, నీ కాలు కాదే తల్లీ, అది నేను, అంది. పుట్టింటి పెళ్ళని ముచ్చటపడి ఆ కుండ నా నెత్తినే పెట్టుకున్నానా, మలుపు తిరిగేటప్పుడు మాలకొండయ్య ఇంటి చూరు వాసం తగిలింది. టిక్కుమన్నట్టు అనిపించింది. నిజంగా అన్నదో లేదో తెలీదు, చూస్తే తెలిసిపోద్దని చూళ్ళేదు. పైన కొంగు కప్పి తెచ్చి పందిట్లో దించాను. నీ బిడ్డ పోయిందాక దాన్ని అంతగా పట్టించుకోలా. ఆ రోజు నుంచీ నీ మొహం చూడాలంటే చేతకాక…

నాగరత్తం ఏమందో తెలుసా. అయితే అత్తా, ఆ తర్వాత నువ్వు నాతో సరిగ్గా మాట్లాడకపోవటం, నేను బిడ్డని నిలుపుకోలేకపోయానని కాదా, అంది. పేరమ్మ తల బాదుకుంది. నిన్ను అంత మాట అంటానా నేను, అంది. ఒకే పొయ్యి మీద వండుకుని, ఒకే కుండలో నీళ్ళు తాగుతా, ఇన్నేళ్ళు ఒకళ్ళకొకళ్ళు భయపడతా బతికారంట అత్తాకోడళ్ళు. ఇద్దరూ ఒకళ్ళ మెడ ఒకళ్ళు పట్టుకుని ఏడుస్తంటే, అక్కడ కోళ్ళొచ్చి వడ్లు తింటన్నాయి, పిల్లేమో కర్ర పక్కనబెట్టి వీళ్ళ వంకే నోరు తెరుచుకుని చూస్తంది.

గుమ్మడికాయ దొంగంటే భుజాలు తడుముకున్నారంటారే. ఇక్కడ ఎవరూ ఎవర్నీ దొంగ అన్లేదు, అయినా అందరి చేతులూ భుజాల మీదే. మాలకొండయ్య నాది తప్పంటాడు, వేడి కుండ తీశానని. కాదు నా కాలంటది కోడలు. కాదు నా నెత్తంటది అత్త. మధ్యలో అంకమ్మ ఏందో ఆలోచిస్తా ఉండి ఉండి, ఆగండాగండి, ఆ కుండకి సున్నం పూసింది నేనేగా, వేడి కుండ మీద తడి సున్నం కొట్టాను, దానివల్ల కూడా పగిలుండొచ్చు, అంది. అందరూ ఆమె వంక తిరిగారు. ఇన్నాళ్ళూ నీకేం అనిపించలేదా అని మొగుడు అడిగాడు. లేదయ్యా, అంది, ఇప్పుడు మీరంతా అంటంటే కొంచెం అనిపిస్తంది. పేరమ్మకి ఏడుపులోనే నవ్వొచ్చింది. ఆమె నవ్వితే కోడలు నవ్వింది. మాలకొండయ్య మాత్రం నవ్వలా. మరి ఎవరు పగలగొట్టినట్టు, అన్నాడు. ఆయనకి అదే కావాలి. పేరమ్మ కళ్ళు తుడుచుకుని, ఏమో నాయనా, ఎవరికి తెలుసు, మట్టికుండ గదా, అంది. బిడ్డ ఎందుకు పోయిందో మంత్రసానికే తెలీలేదు, కుండకేం తెలుసు, అంది నాగరత్తం.

తిరిగి ఏరు దాటేటప్పుడు మాలకొండయ్య నీళ్ళ మధ్యలో ఆగిపోయాడంట. అంకమ్మా, అది మళ్ళీ అడుగుతంది, అన్నాడు. ఏమని? వేడి కుండ తీసినందుకే పగిలిందేమో అని. నువ్వేమన్నావు? తెలీదన్నా. అదేమంది? ఆయన కాసేపు చెవి పెట్టి విన్నట్టు నిలబడి, ఏమీ అన్లేదే, అన్నాడు. నిజమే గదా, మోగిందంటే సరిగ్గా మోగిందా అని అడుగుద్ది, మోగలేదంటే నే చెప్పలా అంటది. తెలీదు అంటే మాత్రం పట్టుకుని లాగటానికి దానికి కొస ఏదీ దొరకలా. ఇంటికొచ్చి అయిరేని కుండలు చేశాడు. ఆరబెట్టాడు, కాల్చాడు, చల్లారిందాకా ఆగి దించాడు. మొదటి కుండని ఒక్కటే దెబ్బ కొట్టాడు. సరిగ్గా మోగిందా అంది లోపలిది. ఏమో, అన్నాడు. చెయ్యి మళ్ళీ లేస్తంది. ఆ చేతిని చంకలో పెట్టి నొక్కుకుని, ఏడుపు మొహం పెట్టుకుని, కూచున్నాడు. ఏదో మందేసినట్టు తగ్గిందనుకోబాకండి. కొన్ని కుండలు రెండు దెబ్బలు తిన్నాయి, ఒకటి పగిలింది కూడా. మిగిలినయ్యి అంకమ్మ సున్నం పూసి, జాజు పెట్టి, వరసగా పెట్టింది. తాయెత్తు ఏమైందంటారా, అది ఏట్లోనే ఎక్కడో ఊడిపోయింది, చూసుకోనేలేదు ఆయన. పెద్దరెడ్డి మనవరాలి పెళ్ళికి మేళంతో వొచ్చి, సారెకి పసుపు పెట్టి, కుండలు నెత్తిన పెట్టుకుని పోయారు. చూరు కింద తల వంచండమ్మా అని మాత్రం అంకమ్మ అరిచిందంట. మాలకొండయ్య ఆ ఎనకాలే పోయి పందిట్లో ఒక మూల నిలబడ్డాడు. తలంబ్రాలు మొదలైనయ్యి.

అంతే, అయిపోయింది. ఏందట్టా చూస్తన్నారు? కుండలు పగిలినయ్యా లేదా అనా? నాకు తెలీదు. నాకీ కత చెప్పిన మా మేనత్త ఇక్కడి దాకే చెప్పింది, నేనూ మీలాగే కొంగు పట్టుకుని అడిగా, తెలీదే, నువ్వు కాయలు ఎంచు అంది. ఆ రోజంతా నాకు కాలూ చెయ్యీ ఆడలా. తర్వాత అన్నం తిన్నా, పడుకున్నా, తెల్లారింది. మీకూ తెల్లారుద్ది. సుబ్బాయమ్మా, ఏందే లేస్తన్నావు, పొయ్యి ఆర్పావో లేదో చూడటానికా? పో, పోయి ఒక్కసారి చూసి రా. రెండోసారి లేచావంటే నీ వాటా కాయల తొడిమలే కాదు, మా వాటావి కూడా నువ్వే తీస్తావు.