యాకోబు కాలికింద క్లచ్

ఏందీ, మళ్లా లారీ తోలుతావా? ఆ కాలితోనా? కూర్చో యాకోబూ, నిలబడి వణకొద్దు.

క్లచ్ బాగైందని నీకెవరు చెప్పినారు? సురేషా? ఆ కొత్త డ్రైవరుకు నోట్లో మాట నిలవదు. అవునప్పా, పెడల్ మెత్తగైంది. నువ్వు మానేసిన మూడోనాడే నంద్యాలకు పంపించి చేయించినా.

ఇరవై రెండేండ్లు తోలినావు, నీకు తెలీనిదేముంది? పాత బండి, బండల లోడు లాగల్యాకపోతాందని పెద్ద క్లచ్ ప్లేటు వేయిస్తి. ఆ పొద్దే మేస్త్రి నారాయణ చెప్పినాడు. "అక్కా, ఈ ప్లేటుతో పెడల్ గట్టిపడతాది. అది తేలికయ్యేదానికి బూస్టర్ కూడా వేయల్ల. లేకుంటే డ్రైవరు మోకాలు పోతాది" అని.

వద్దంటి.

అట్ల చూడొద్దు. యాడాది పొడుగునా వచ్చి, "అమ్మా, గిద్దలూరు ఘాట్ ఎక్కేసరికి కాలు పట్టేస్తాంది" అంటాంటివి గదా. నేనేమంటి? ముసిలోడివైనావు, చేతగాకుంటే మానుకో అంటి. నీ పెండ్లాం సలోమి రోజూ నీ మోకాలికి కాపడం పెడతాందని తెలుసు. తెలిసే అంటి.

ఏంటికా? నిన్ను పనిలోంచి తీసేయాలంటే ఒక్క మాట చాలు గదా అంటావా? యాడ చాలు! మా ఆయన సచ్చేముందు నా చెయ్యి పట్టుకుని మాట తీసుకున్యాడు, యాకోబును మాత్రం తీసేయొద్దని. నా గురించి ఒక్క మాట అనల్యా. నీ గురించే.

నేను తీసేయల్యా. నువ్వే మానుకుంటివి. మాట తప్పితినా?

ఆ ప్లేటు వేయించకముందే, ఆయన పోయిన పదోనాడు బనగానపల్లె నుంచి పూర్ణిమ అని ఒకామె వచ్చి, నా గడపలో కూలబడి ఏడ్చింది. అన్నీ చెప్పింది. మామిడికాయల లోడని వారం వారం ఇద్దరూ పోతాంటిరే, కాయలు లేని కాలంలో కూడా! ఆయన ఆమె ఇంట్లో, నువ్వు బయట లారీలో. తెల్లారి ఈడికొచ్చి, నేను పెట్టిన సంగటి తిని, "చల్లగుండు తల్లీ" అంటివి. పదేండ్లు! ఒక్క ముద్దన్నా గొంతుకు అడ్డం పడల్యా నీకు?

ఏందీ? అన్న చెప్పొద్దన్నాడా? అవునులే. అన్న మాట నువ్వూ నిలబెట్టుకుంటివి, నేనూ నిలబెట్టుకుంటి.

తప్పు ఎక్కువ ఎవరిదో నాకు తెలీదనుకున్యావా? తెలుసప్పా. ఆయన నాకు దొరక్కుండా పోయినాడు. నువ్వు దొరికితివి. అంతే.

లెయ్యి. మూడు మెట్లుండాయి, చూసుకుని దిగు.